ఐదు పరమాణువులు

హంద్రీ విజ్ఞాన కేంద్రంలో కంప్యూటర్ గది చూసుకునే జ్ఞానమణి ఆ మధ్యాహ్నం సుందరలక్ష్మిని వరండాలోనే ఆపేసింది. నోటీసు బోర్డుకు అంటించాల్సిన కాగితాలు జ్ఞానమణి చేతిలో ఉన్నాయి.

"సుందరా, ఒక్క నిమిషం. ఇది నువ్వు గీసిన గ్రాఫే గదా?"

సుందరలక్ష్మి కాగితాలు అందుకుంది. కిందటి నెల, అంటే 2008 డిసెంబరులో, ఒక విదేశీ పత్రికలో అచ్చయిన వ్యాసం అది. నాలుగో పేజీలో గ్రాఫు ఉంది. నిలువు పట్టీల కింద అంకెలు ఉండాల్సిన చోటు నుంచి వెంట్రుకవాసి ఎడమకు జరిగి ఉన్నాయి. ఆ వంకరను సరిచేయడం మూడేళ్లలో ఆమెకు ఏనాడూ చేతకాలేదు. ఇంకెవరి గ్రాఫుకూ అది ఉండదు.

మొదటి పేజీకి తిప్పింది. పేర్లు రెండే. ఆమె గైడు ప్రొఫెసర్ శివప్రసాద్, ఆయన దగ్గరే పరిశోధన చేస్తున్న మేనల్లుడు భూపేష్. చివరి పేజీకి తిప్పింది. సన్నటి అక్షరాల్లో, గణనలో సాయపడినందుకు కుమారి సుందర లక్ష్మమ్మకు కృతజ్ఞతలని ఉంది. దొంగతనం చేసినవాళ్లు ఆమె పేరైనా సరిగ్గా రాయలేదు.

చెవుల దగ్గర సెగ పుట్టింది ఆమెకు.

"అంటించొద్దక్కా," అంది.

"అంటించకుంటే నన్నడుగుతారు గదమ్మా. సార్ పొద్దున్నించీ రెండు మాట్లు ఫోన్ చేసినాడు."

"సరే, అంటించు. ఊరంతా చూడనీ. నాకొక నకలు తీసియ్యి."

నకలు తీసి ఇస్తూ జ్ఞానమణి వరండా అటూ ఇటూ చూసుకుంది. ఇద్దరు పిల్లల తల్లి. ఆ కేంద్రంలో ఆమెది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం.

సుందరలక్ష్మిది బద్వేలు. తండ్రి పెద్దసుబ్బయ్యకు అక్కడి బజారులో ఇనుప సామాను కొట్టు ఉంది. ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్లు ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పి, పరిశోధన మీద మనసు పోయి, కర్నూలు శివార్లలో ఒక ట్రస్టు నడిపే ఈ కేంద్రంలో చేరింది. బళ్లారి చౌరస్తా దగ్గర ఆడవాళ్ల హాస్టల్లో గది. పొద్దున ఎనిమిదికి ఆటో ఎక్కితే సాయంత్రం ఆరుకు మళ్లీ ఆటో. మూడేళ్ల బతుకు ఆ రెండు ఆటోల మధ్యే నడిచింది.

ఆమె చేస్తున్న పని ఇది. లేజర్ కాంతిని ఎదురెదురుగా పంపి, గుడ్ల అట్టకు ఉన్నట్టు వరసగా గుంటలు తయారుచేస్తారు. బాగా చల్లబరిచిన పరమాణువులను గుంటకొకటి చొప్పున కూర్చోబెడతారు. అవి ఊరికే కూర్చోవు, పక్క గుంటలోకి జారుతుంటాయి. ఒక గుంటలో రెండు కలిశాయంటే ఢీకొని, రెండూ బయటికి ఎగిరిపోతాయి. పోయినవి తిరిగి రావు. పాఠ్యపుస్తకాల్లోని క్వాంటం వ్యవస్థలు చాలావరకు మూత బిగించిన డబ్బాలు. ఇది మూత తీసిన డబ్బా. ఇందులోంచి ఎన్ని పోతాయి, ఎంత వేగంగా పోతాయి, మిగిలినవి ఏమవుతాయి అన్నది కంప్యూటరు మీద లెక్కగట్టి చూపడమే ఆమె పరిశోధన.

ఎనిమిది గుంటలు, ఎనిమిది పరమాణువులు. చూడ్డానికి చిన్న లెక్కే, కానీ ఆ కేంద్రంలోని కంప్యూటరుకు కొండంత. ఎప్పుడు ఏ జంట పోతుందో పాచిక వేసినట్టు యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయిస్తూ, మొదటి నుంచి చివరిదాకా ఒక కథ నడపాలి. అలాంటివి వెయ్యి నడిపి లెక్క తీయాలి. మధ్యలో కరెంటు పోతే అంతా మొదటికొచ్చేది. వేసవిలో రోజుకు నాలుగు గంటల కోత. పది నిమిషాలకొకసారి లెక్క తనంతట తాను దాచుకునేలా ఆమే ప్రోగ్రాం రాసుకుంది.

2007 చివర్లో ఆ కంప్యూటరు ఆమెకు ఒక విచిత్రం చూపింది. ఢీకొన్న జంటను బయటికి నెట్టే బలాన్ని పెంచుతూ పోతే మొదట నష్టం పెరిగింది. ఒక హద్దు దాటాక తగ్గసాగింది. బలం పది రెట్లు పెంచితే నష్టం పదో వంతుకు పడిపోయింది. పోగొట్టే శక్తి మరీ ఎక్కువైతే, పరమాణువు పక్కదాని గుంటలోకి అడుగే పెట్టడం లేదు. కలవకపోతే ఢీకొనడం ఎక్కడిది?

ఆమె ఫలితాలన్నీ, ఇంగ్లీషులో రాసుకున్న వివరణతో సహా, సీడీలో వేసి శివప్రసాద్‌కు ఇచ్చింది. వారం తర్వాత ఆయన పదిమంది పరిశోధక విద్యార్థులున్న గదిలో ఆమెను నిలబెట్టాడు.

"ఏమ్మా, బిందెకు బొక్క పెద్దది చేస్తే నీళ్లు ఎక్కువసేపు నిలుస్తాయంటాండావా?"

"సార్, ఇది బిందె కాదు. రెండు గుంటలు, రెండు పరమాణువులు పెట్టి చేత్తో చేసి చూసినా. అర పేజీ లెక్క. అదీ ఇదే చెప్తాండాది."

"ఫిజిక్స్ అంటే మీ నాయన ఇనుప సామాను కొట్టు కాదు. చీలలు సరిపోయినాయి, మరలు సరిపోయినాయి అని చేతులు దులుపుకోడానికి."

భూపేష్ నవ్వాడు. అతన్ని చూసి మరో నలుగురు నవ్వారు. సుందరలక్ష్మి కూర్చుంది.

రెండు నెలల తర్వాత, ఫిబ్రవరిలో, ఆమెకు నిజంగానే ఒక తప్పు దొరికింది. ఒక కథను మెట్టు మెట్టుగా తెర మీద చూస్తుంటే, మిగిలినవి ఏడు అని కనిపించింది. ఎనిమిదిలో రెండు పోతే ఆరు కావాలి. ఏడు ఎలా అవుతుంది? వెతికితే, జంటను తీసేయాల్సిన చోట ఒక్కదాన్నే తీసేస్తున్నట్టు తేలింది. ఒక వరసను రెండుసార్లు రాయాల్సింది ఒక్కసారి రాసింది, అంతే. తల బాదుకుంది. సరిచేసి వెయ్యి కథలూ మళ్లీ నడిపింది. పదకొండు రోజులు పట్టింది. అంకెలు మారాయి కానీ విచిత్రం చెక్కుచెదరలేదు. బలం పెరిగితే నష్టం తగ్గుతూనే ఉంది.

పరుగున వెళ్లి ఆయనకు చెప్పింది. "సార్, ప్రోగ్రాంలో తప్పు దొరికింది, సరిచేసినా. ఫలితం మాత్రం..."

ఆయన మొదటి మాటే విన్నాడు. "చూసినావా? తప్పని నేనప్పుడే చెప్పినా. ఇంక దాన్ని వదిలెయ్. భూపేష్‌కు రికార్డులు దిద్దే పనుండాది, పోయి సాయం చెయ్."

ఆ జూన్‌లో జర్మనీలో కొందరు నిజమైన పరమాణువులతో ప్రయోగం చేసి, సరిగ్గా ఆ విచిత్రాన్నే చూపించారు. రాజవిహార్ దగ్గర నెట్ సెంటర్లో ఆ వ్యాసం చదువుతుంటే సుందరలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియలేదు. అచ్చు తీసుకెళ్లి శివప్రసాద్ బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని రెండు పేజీలు తిప్పాడు.

"చూద్దాంలే," అన్నాడు.

ఆయన చూసింది ఇదన్నమాట. మూలన పడేసిన ఆ పాత సీడీని బయటికి తీశాడు.

జ్ఞానమణి ఇచ్చిన నకలు చేత్తో పట్టుకుని ఆమె ఆ మధ్యాహ్నమే నేరుగా ఆయన గదిలోకి వెళ్లింది. తలుపు తట్టలేదు.

"సార్, ఇందులో నా పేరు యాడ?"

"చివర ఉండాది చూడు."

"పని నాది. గ్రాఫు నాది. చేతకాని లెక్కని నన్ను పదిమందిలో నిలబెట్టి నవ్వించినారు. ఇప్పుడు అదే లెక్క మీదెట్లయింది?"

శివప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు పెంచే మనిషి కాదు ఆయన. "కంప్యూటర్ ఎవరిది? గది ఎవరిది? సమస్య ఇచ్చిందెవరు? భూపేష్‌కు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉండాది, పేపర్ కావల్ల. నీకు తర్వాత ఇంకోటి చేద్దాం. ఇదేమంత పెద్ద విషయం కాదు. పోయి నీళ్లు తాగు. ఒక్కటడుగుతా, నీకు పీహెచ్‌డీ కావల్లనా, వద్దా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్తే ఏడుస్తానని తెలిసి ఆమె చెప్పలేదు. ఆయన ముందు ఏడవడం కన్నా చావడం నయమనిపించింది. బయటికొచ్చి, ఆటో కోసం నిలబడకుండా చౌరస్తాదాకా ఎండలో నడిచింది.

మర్నాడు ఆదివారం. హాస్టల్ మిద్దె మీద ఆరేసిన చీరల మధ్య నీడ చూసుకుని కూర్చుని, ఆ వ్యాసాన్ని మొదటిసారి పూర్తిగా చదివింది. చదువుతున్న కొద్దీ పళ్లు కొరుక్కుంది. తన వాక్యాలే, తను ఇంగ్లీషులో కష్టపడి కూర్చుకున్న వాక్యాలే, ఒకటి రెండు మాటలు మార్చి పెట్టారు. నాలుగో పేజీకి వచ్చి ఆగింది. ఒక నిర్ణీత సమయానికి ఎన్ని పరమాణువులు మిగిలాయో చెప్పే గ్రాఫు. ఎనిమిది మీద చిన్న పట్టీ, ఏడు మీద ఒకటి, ఆరు మీద పెద్దది, ఐదు మీద దాదాపు అంతే ఎత్తుది.

ఐదు మీద పట్టీ.

అది సీడీలోని పాత గ్రాఫు, తప్పున్న గ్రాఫు. జంటలుగా మాత్రమే పోయే పరమాణువులు ఎనిమిదితో మొదలైతే ఆరు, నాలుగు, రెండు, సున్నా మిగలాలి. ఏడు రాదు, ఐదు రాదు. వ్యాసంలోని సమీకరణం జంటలు పోతాయంటోంది, దాని కిందే గ్రాఫు ఒంటరిగా పోతాయంటోంది. దొంగిలించినవాళ్లలో ఒక్కడూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మొదట, వాళ్ల మీద కోపం రెట్టింపయింది. ఆమె ఏడాది కష్టాన్ని ఎత్తుకుపోయేవాళ్లు దాన్ని అర్థం చేసుకునే శ్రమ కూడా పడలేదు. తర్వాత ఒళ్లు చల్లబడింది. దొంగతనాన్ని రుజువు చేసేది ఆ తప్పొక్కటే. ఆ తప్పు తనది. దాన్ని బయటపెట్టాలంటే పదిమందిలో నిలబడి, ఆ పొరపాటు చేసింది నేనే అని తన నోటితో తను చెప్పాలి. ఇనుప సామాను కొట్టు అని నవ్విన ఆ మనుషుల ముందే చెప్పాలి.

నెలాఖరులో కేంద్రంలో జాతీయ సదస్సు ఉంది. శివప్రసాద్ ఈ వ్యాసం మీదే మాట్లాడతాడని కార్యక్రమంలో అచ్చు వేశారు. ఆమెకు మూడు వారాల సమయం. ఆ మూడు వారాలూ ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. భూపేష్ ఎదురుపడి "ఏం మేడమ్, కోపమొచ్చిందంట?" అంటే అతన్ని దాటుకుని పోయింది.

సదస్సు రోజున హాలు నిండింది. ముందు వరసలో కేంద్రం డైరెక్టర్ రామకృష్ణ, పక్కన బెంగళూరు నుంచి వచ్చిన పెద్దాయన బసవరాజు. ఆదోని వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ మనిషి, ఈ రంగంలో పేరున్నవాడు. శివప్రసాద్ నలభై నిమిషాలు మాట్లాడాడు. మాటకారి. బిందె, బొక్క అన్న పోలిక ఆయనే తెచ్చి, మామూలు బుద్ధికి అందనిది ప్రకృతి ఎలా చేస్తుందో చూడండి అన్నాడు. చప్పట్లు పడ్డాయి. సుందరలక్ష్మి చేతుల్లోని కాగితం చెమటకు తడిసిపోయింది.

ప్రశ్నల సమయంలో ఆమె లేచింది. మైకు ఆమెదాకా రాలేదు. గొంతెత్తే అడిగింది.

"సార్, మొదట్లో ఎన్ని పరమాణువులు?"

శివప్రసాద్ ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. "ఎనిమిది. చెప్పినా గదా."

"పోయేటప్పుడు ఎట్ల పోతాయి?"

"రెండేసి," భూపేష్ వేదిక పక్క నుంచి అందించాడు.

"ఒక్కటే విడిగా పోయే దారి మీ సమీకరణంలో ఉండాదా?"

"లేదు," అన్నాడు శివప్రసాద్. "ఆ నష్టాన్ని మేం లెక్కలోకి తీసుకోలేదు."

"అయితే మీ నాలుగో బొమ్మలో ఐదు మీద పట్టీ ఎట్ల వచ్చింది సార్? ఏడు మీద ఎట్ల వచ్చింది?"

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. బొమ్మ ఇంకా తెర మీదే ఉంది. ఒక్కొక్కరే మెడ ఎత్తి దాన్ని చూడసాగారు.

"అది సగటమ్మా," అన్నాడు శివప్రసాద్. "సగటుకు ఏ అంకైనా రావచ్చు."

"సగటుకు రావచ్చు. ఇది సగటు కాదు. సరిగ్గా ఐదు మిగిలిన సందర్భాలు ఎన్నో చెప్పే గ్రాఫు. కింద మీరే రాసినారు."

"చిన్న చిన్న సంఖ్యా దోషాలుంటాయి," భూపేష్ అందుకున్నాడు. "కంప్యూటరన్నాక..."

"వెయ్యిలో రెండు వందల ముప్పై మాట్లు ఐదు వచ్చింది. అది చిన్న దోషమా?"

"కూర్చోమ్మా," అన్నాడు డైరెక్టర్ రామకృష్ణ. "టీ సమయమయింది. తర్వాత మాట్లాడుకోవచ్చు."

బసవరాజు చెయ్యెత్తాడు. ఆయన తెర వైపే చూస్తున్నాడు. "ఉండండప్పా. ఆ పాప అడిగేది సరిగ్గా ఉండాది. రెండేసి పోయే లెక్కలో ఐదెట్ల మిగుల్తాది? శివప్రసాద్‌గారూ, ఎట్ల వచ్చింది ఇది?"

శివప్రసాద్ గ్లాసెత్తి నీళ్లు తాగాడు. భూపేష్ ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. ఇద్దరికీ తెలియదు. తెలిసే వీలే లేదు.

"నేను చెప్తా సార్," అంది సుందరలక్ష్మి. "తప్పు నాది."

ఆమె నడిచి నల్లబల్ల దగ్గరికి వెళ్లింది. సుద్దముక్క అందుకుంది. ప్రోగ్రాంలోని ఆ వరస రాసింది. దాని కింద అదే వరస మళ్లీ రాసింది.

"ఇది రెండు మాట్లు ఉండల్ల. నేను ఒక మాటే రాసినా. అందుకని జంట పోవాల్సిన చోట ఒక్కటే పోయింది. ఈ తప్పు చేసింది నేను, రెండువేల ఏడు డిసెంబరులో. పట్టుకునిందీ నేనే, రెండు నెలల తర్వాత. సార్‌కు చెప్పినా. సరైన గ్రాఫు ఇదో." తడిసిన కాగితం విప్పి పైకెత్తింది. ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు. మధ్యలో అన్నీ ఖాళీ. "తప్పున్న పాత సీడీ ఒక్కటే సార్ దగ్గరుండేది. దాన్నే అచ్చేసుకున్నారు. వాళ్లు చేసిన పనైతే ఈ తప్పు యాడుందో వాళ్లకు తెలిసుండల్ల. అడగండి. ఇప్పుడే అడగండి."

ఎవరూ అడగలేదు. బసవరాజు లేచి వచ్చి ఆమె చేతిలోని కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చూశాడు. శివప్రసాద్ కాగితాలు సర్దుకుని వేదిక దిగి వెళ్లిపోయాడు. రామకృష్ణ మైకు తీసుకుని అందరినీ టీకి పిలిచాడు.

ఆ వారంలోనే జ్ఞానమణి హాస్టల్‌కు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీ ఫైళ్లన్నీ చెరిపేయమన్నారు. చెరిపేసినా సుందరా. నన్ను తిట్టుకో."

సుందరలక్ష్మి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. సొంత నకళ్లు తన ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అయినా ఆ మాటకు కోపమొచ్చింది. "పోక్కా," అని మాత్రం అంది. జ్ఞానమణి మెట్లు దిగుతుంటే ఆమె కళ్లు తుడుచుకోవడం కిటికీలోంచి కనిపించింది. అప్పుడు కూడా పిలవలేదు. అందుకు తర్వాత చాలా రోజులు బాధపడింది.

కేంద్రంవాళ్లు బద్వేలుకు ఫోన్ చేసి పెద్దసుబ్బయ్యను పిలిపించారు. ముప్పయ్యేళ్లకు రెండు నెలలు తక్కువున్న మనిషి మీద తండ్రికి చాడీ చెప్పడమేమిటని ఆమె రగిలిపోయింది. ఆయన తెల్లపంచె, భుజాన తువ్వాలుతో డైరెక్టర్ గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. రామకృష్ణ ఒక కాగితం ముందుకు జరిపాడు. వ్యాసానికి సవరణ పంపుతారు, సరైన గ్రాఫు ఇస్తారు, పేర్లు మూడు ఉంటాయి, ఆమెది మూడోది. సదస్సులో మాట తూలినందుకు ఆమె విచారం తెలపాలి. ఏడాదిలో పీహెచ్‌డీ చేతికొస్తుంది.

"పిల్లకు మీరైనా చెప్పండి," అన్నాడు పక్కనే కూర్చున్న శివప్రసాద్, మర్యాదగా.

పెద్దసుబ్బయ్య కాగితం చూశాడు. ఇంగ్లీషు చదవలేడు. "పాపా, సంతకం పెట్టమ్మా," అన్నాడు.

"పెట్టను నాయనా."

"మూడేండ్లు కష్టపడితివి. పేరైతే ఏస్తామంటాండారు గదా."

"దొంగ నా వస్తువులోనే నాకు మూడో వంతు ఇస్తాండాడు. తీసుకుని దండం పెట్టల్లనా?"

"పెద్దోళ్లతో కొట్లాడి మనం నిలుస్తామా? నా మాటిను."

"మీ మాట ఇన్నంతకాలం ఇన్నా. ఇది ఇనను."

ఆమె కాగితాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లించి లేచింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బద్వేలు పోయే బస్సులో తండ్రీ కూతుళ్లు ఇంటికి బయల్దేరారు. ఆళ్లగడ్డలో ఆయన ఆమెకోసం మజ్జిగ ప్యాకెట్టు కొని పక్కన పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

క్రమశిక్షణ తప్పిందన్న కారణంతో ఆమె పరిశోధన నమోదు రద్దయింది. ఆ ఉత్తరం బద్వేలు కొట్టుకు పోస్టులో వచ్చింది. అప్పటికే ఆమె పత్రికకు ఒక పేజీ లేఖ రాసి పంపింది. అందులో తిట్లు లేవు, ఎనిమిదిలోంచి రెండేసి పోతే ఐదు మిగలదన్న మాట మాత్రం ఉంది. పాత ప్రోగ్రాం, తేదీలు జతచేసింది. జూన్‌లో జవాబొచ్చింది. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నారు. చదువుతూ పోయి చివరి వాక్యం దగ్గర ఆమె కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టింది. గణనలో దోషం కనుగొన్న రచయితల కోరిక మీద ఉపసంహరిస్తున్నామని రాశారు. దొంగతనం ఊసు లేదు. పైగా తప్పు ఒప్పుకున్న పెద్దమనిషని శివప్రసాద్‌ను కేంద్రంలో మెచ్చుకున్నారట. భూపేష్‌కు ఉద్యోగమూ వచ్చిందట.

ఆ రోజే పెద్దసుబ్బయ్య కొట్టు మధ్యాహ్నమే మూసి ఇంటికొచ్చాడు. ఉండచుట్టిన కాగితం తీసి, అరుగు మీద పెట్టి చేత్తో చదును చేశాడు.

"ఏమని రాసినారు?"

ఆమె తెలుగులో చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"ఆ పొద్దు సంతకం పెట్టమంటి గదా," అన్నాడు. "ఆయన ముందర, ఆ కుర్చీలో కూసోని. అది తల్చుకుంటే నా మీద నాకే కోపమొస్తాదమ్మా. వానికి ఏమీ కాల్యా. నీ చదువు పాయ."

"పోలేదు నాయనా. బసవరాజు సార్ బెంగళూరుకు రమ్మన్నాడు. మొదటి ఏడు నుంచి మళ్లీ మొదలుపెట్టల్ల."

"మొదట్నుంచా?"

"మొదట్నుంచే."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎప్పుడు పోవల్ల?"

జులైలో ఆమె వెళ్లింది. సరైన గ్రాఫుతో, ఒక్క తన పేరుతోనే వ్యాసం రాసి పంపింది. ఈలోగా వేరే దేశాల్లో మరి ఇద్దరు ముగ్గురు అలాంటి లెక్కలే అచ్చు వేశారు కాబట్టి కొత్తదనం తక్కువని పరిశీలకులు రాశారు. చివరికి ఒక చిన్న పత్రిక వేసుకుంది. తను ముందు కనుక్కున్నది ఇప్పుడు వెనక వచ్చినదైంది. బసవరాజు ఆమెకు కొత్త సమస్య ఇచ్చాడు. మూడేసి పరమాణువులు ఢీకొని పోతే ఏమవుతుందన్నది. ఆమె ఆ పనిలో పడింది.

శివప్రసాద్ మరుసటి ఏడు సెప్టెంబరులో బెంగళూరు సదస్సుకు వచ్చాడు. టీ బల్ల దగ్గర నలుగురి మధ్య నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి, ఏమీ జరగనట్టు, ముఖమంతా నవ్వు చేసుకుని చెయ్యి ఊపాడు.

"రామ్మా రా. ఈమె సుందరలక్ష్మి, నా స్టూడెంటే," అన్నాడు పక్కవాళ్లతో. "నా దగ్గర్నే పైకొచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్లు ఆమె వైపు తిరిగి మర్యాదగా నవ్వారు. ఆమె చేతులు జోడించలేదు.

"కాదు సార్," అంది, అందరికీ వినపడేట్టు. "నేను మీ స్టూడెంటును కాదు. మీరు నా లెక్క దొంగిలించినారు. అది కూడా తప్పు లెక్క."

ఎవరి చేతిలోనో కప్పు సాసర్‌కు తగిలి చప్పుడైంది. శివప్రసాద్ నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది. ఎటు తిప్పుకోవాలో తెలియని ఆ ముఖాన్ని ఆమె తనివితీరా చూసింది. తర్వాత తన నోటుపుస్తకం తీసుకుని, తర్వాతి ఉపన్యాసం మొదలవుతోందని హాల్లోకి వెళ్లి ముందు వరసలో కూర్చుంది.